నాలుగు ఎర్ర గీతలు

ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడు ఒక్క తప్పు కూడా చేయలేదు. ఈ మాట ఎవరి దగ్గరైనా అంటే, ఎంత అదృష్టవంతురాలివమ్మా అని ముచ్చటపడేవారు. ఆవిడ చేస్తున్నది ఫిర్యాదని ఒక్కరికీ తట్టేది కాదు. పాలు పొంగిపోతే తప్పు గిన్నెది, అడుగు పల్చన. రైలు తప్పిపోతే స్టేషను గడియారానిది. గోడకి మేకు కొడుతూ బొటనవేలు చితక్కొట్టుకుంటే ఆ గోడ కట్టిన మేస్త్రీది. పాపం ఆ మేస్త్రీ పోయి పదేళ్ళయింది, వచ్చి కాదనలేడు. తప్పులన్నీ ఆయన చుట్టూ ఈగల్లా ముసురుతాయి గాని ఒక్కటీ మీద వాలదు.

పోనీ తప్పంటే ఏమిటో ఎరగని అమాయకుడా అంటే, ఆయన ఉద్యోగమే అది. ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరు. గుద్దుకున్న బండ్ల దగ్గరికి వెళ్ళి, చుట్టూ తిరిగి చూసి, బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, తప్పు ఎవరిదో తేల్చి రాస్తాడు. రోజుకి ముగ్గురు నలుగురి తప్పులు తడుముకోకుండా రాసేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కాతోపాటు ఆ చూపు కూడా విప్పి వంకీకి తగిలించేస్తాడు.

అలాంటి మనిషి ఏడేళ్ళ కిందట ఒక కారు తెచ్చాడు. తెచ్చాడంటే తోలుకొచ్చాడని కాదు. అది లారీ మీద వచ్చింది, ఆరుగురు పట్టుకుని దించారు. ఇంగ్లండులో ఎప్పుడో తయారైన రెండు సీట్ల స్పోర్ట్సు కారు. పైకప్పు లేదు, తలుపులకి పిడులు లేవు, లోపల కాళ్ళు పెట్టుకునే చోట కిందున్న వాకిలి కనిపిస్తోంది. వరండాలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, ఇంటికి తెచ్చేముందు ఊపిరుందో లేదో చూసుకోవద్దురా అని కొడుకుని అడిగింది. ఆయన నవ్వి, ఆర్నెల్లలో దీన్ని గుర్రంలా పరిగెత్తిస్తానన్నాడు. ఆర్నెల్లు అన్నప్పుడు ఏ సంవత్సరంలోవో చెప్పలేదు కాబట్టి ఇదీ ఆయన తప్పు కాదు.

కారు వెళ్ళి కూర్చున్న షెడ్డు ఆవిడది కావలసింది. ఇంటి వెనక, ఎండ సూటిగా పడకుండా వెలుతురు మాత్రం వచ్చే పెద్ద కిటికీతో ఉన్న గది అది. ఆవిడకి కుట్టుపని ప్రాణం. కాలేజీలో చదివింది చరిత్ర అయినా చేతికి అబ్బింది కత్తెర. కత్తిరించడానికి ఆరడుగుల బల్ల కావాలి, ఆ బల్ల ఒకచోట కదలకుండా ఉండాలి. ఇల్లు కొన్నప్పుడే ఆ షెడ్డు చూపించి, ఇక్కడ నా బల్ల వేసుకుంటానని చెప్పింది, ఆయన ఊఁ అన్నాడు. తర్వాత కారొచ్చింది. అప్పటినుంచి ఆవిడ భోజనాల బల్ల మీదే కత్తిరిస్తోంది. తినేముందు గుడ్డలు తీయాలి, తిన్నాక బల్ల తుడిచి మళ్ళీ పరవాలి, సుద్ద గీతలు చెరిగిపోతే మళ్ళీ గీయాలి. రోజుకి మూడుసార్లు, ఏడేళ్ళు. ఒకసారి ఎదురింటి టీచరమ్మ జాకెట్టు చేతి మీద టీ కప్పు గుండ్రంగా ముద్ర వేసింది. కప్పు పెట్టింది ఆయనే. తప్పు మాత్రం బల్ల ఎత్తుది.

వీధిలో ఆడవాళ్ళు వేళాకోళానికి ఆ కారుని నీ సవతి అనేవారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. సవతయితే ఒకపూట వంటైనా చేసేదిగా, అనేది. ఇది తిని కూర్చునే రకం. వంటింట్లో కనిపించకుండా పోయిన పళ్ళెం ఏదైనా సరే ఆ బండి కింద నూనె పట్టుకుంటూ దొరికేది. ఆవిడ పాత చీరలు తుడుపుగుడ్డలయ్యాయి, కొత్త తువ్వాళ్ళు పాత చీరలయ్యాయి. ఆదివారం వస్తే షెడ్డులోంచి ఆయన కాళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కాళ్ళకే టీ అందించి వచ్చేది.

ఇలాంటి కాళ్ళన్నీ కలిసి ఒక పాతకార్ల క్లబ్బు పెట్టుకున్నాయి. దానికి పెద్దదిక్కు ఒక రిటైరైన కాలేజీ ప్రిన్సిపాలు. ఎండైనా వానైనా గళ్ళ టోపీ తీయడు కాబట్టి ఆవిడ ఆయనకి టోపీగారు అని పేరు పెట్టింది, అత్తగారు దాన్ని ఖాయం చేసింది. టోపీగారికి మూడు కార్లున్నాయి. మూడూ కలిపి చూస్తే ఒకటిన్నర నడుస్తాయి. అయినా క్లబ్బులో ఎవరి బండి దగ్గినా, తుమ్మినా ఆయన్నే పిలుస్తారు. టోపీగారు వస్తారు, బానెట్టు మీద చెవి ఆనిస్తారు, కళ్ళు మూసుకుంటారు, టీ తాగుతారు, వెళ్ళిపోతారు. బండి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, కానీ సొంతదారుకి ధైర్యం వస్తుంది.

ఈ టోపీగారికి ఆవిడ మీద ఒక హాస్యం ఉంది. ఏడేళ్ళుగా ఒకటే హాస్యం. అది ఎలా పుట్టిందంటే, బండి వచ్చిన వారానికి మొగుడు దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన ప్రతి ముక్కకీ పేరు రాసి కట్టాలన్నాడు, ఆ పని ఆవిడకి అప్పగించాడు. కాగితమైతే నూనెకి చిరిగిపోతుందని ఆవిడ తెల్లగుడ్డ పీలికలు కత్తిరించి, చెరగని ఇంకుతో రాసి, తీగ గుచ్చి కట్టింది. ఆయన బండి ముందు పీట వేసుకుని కూర్చుని, ముందు చక్రాలు తగిలించే హబ్బులు రెండూ ఊడదీస్తూ, తన ఎడమచేతి వైపుది చూపించి ఎడమ అని రాయమన్నాడు, కుడిచేతి వైపుది చూపించి కుడి అని రాయమన్నాడు.

ఆవిడ కలం ఆపింది. "ఎవరి ఎడమండీ? మీ ఎడమా, బండి ఎడమా?"

ఎందుకంటే చొక్కా కుట్టేటప్పుడు ఎడమ చెయ్యి అంటే తొడుక్కునే మనిషి ఎడమే గాని, ఎదురుగా నించుని చూసే మనిషి ఎడమ కాదు. ఆ సంగతి కత్తెర పట్టిన మొదటి రోజే ఏ దర్జీ అయినా నేర్పుతాడు. బండికి ఎదురుగా కూర్చున్న మనిషికి ఎడమైనది బండికి కుడి అవుతుంది. ఇది చెప్పబోయింది. ఆయన పగలబడి నవ్వాడు. ఇది జాకెట్టు కాదే పిచ్చిదానా, కారు, చెప్పింది రాయి అన్నాడు. చెప్పింది రాసింది. రాశాక మాత్రం తన తృప్తి కోసం ఆ రెండు పీలికల మూలలా ఎర్రదారంతో ఒక్కో ప్రశ్న గుర్తు కుట్టింది. వెనక హబ్బులు విప్పేటప్పుడు ఆయన పీట బండి వెనక్కి జరిగింది. అక్కడ ఆయన ఎడమా, బండి ఎడమా ఒకటే. ఆ పీలికలకి దారం ఖర్చు కాలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఈ ముచ్చట క్లబ్బులో చెప్పాడు. అంతే. అప్పటినుంచి టోపీగారు గేటు తీసుకుని లోపలికొస్తే పలకరింపు అదే. టీ కప్పు అందిస్తే, "ఎవరి ఎడమచేత్తో తీసుకోమంటావమ్మా?" అనేవారు. వెనకాల నలుగురు నవ్వేవారు. అందరికన్నా గట్టిగా మొగుడు నవ్వేవాడు. ఆవిడ కూడా పెదవులు కదిపేది. ఆ కదలికని వాళ్ళు నవ్వనుకునేవారు.

ఆ నవ్వుల్లోనే ఈసారి పందెం వచ్చింది. క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి బండ్లన్నీ వరసగా తోలుకుని ఊరి బయటి చెరువుదాకా వెళ్ళి ఫొటోలు దిగి వస్తారు. ఆరేళ్ళూ ఆయన వేరేవాళ్ళ బండిలో వెనక కూర్చుని వెళ్ళాడు. ఈ ఏడు బండి రంగు వేసుకుని, సీట్లు కట్టుకుని, నాలుగు చక్రాల మీద నిలబడింది. ఆ ఉత్సాహంలో అందరి ఎదుటా టీ తాగుతూ ప్రకటించాడు. ఈ ఆదివారం నా బండి వరసలో వెళ్ళకపోతే దీన్ని అమ్మేస్తాను, షెడ్డు మా ఆవిడకి ఇచ్చేస్తాను. వెళ్ళివస్తే మటుకు ఆవిడ జన్మలో షెడ్డు మాట ఎత్తకూడదు. పైగా పక్క సీట్లో కూర్చుని రావాలి. టోపీగారు బల్ల చరిచారు. అత్తగారు వరండాలోంచి, నేను విన్నానురా, అంది. ఆమెకి చెవులు కొంచెం మందం, అయితే ఏ మాట వినాలో ఆ చెవులకి బాగా తెలుసు.

ఆవిడ ఒప్పుకుంది. ఏడేళ్ళలో ఆ బండి గేటు దాటింది రెండుసార్లు, రంగుకి ఒకసారి, సీట్లకి ఒకసారి, రెండుసార్లూ లారీ మీద తాడు కట్టించుకునే. మనసులో బల్ల వేసేసుకుంది. కిటికీకి పక్కవాటుగా, ఎడమనుంచి వెలుతురు పడేలా.

శనివారం మధ్యాహ్నం ఆవిడ వాకిట్లో దండెం మీది దుప్పట్లు తీస్తోంది. బండి అక్కడే గేటు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఆయన ఒక పక్కన కూర్చుని చక్రాలు బిగిస్తున్నాడు. ఆ బండి చక్రాలకి మామూలు కార్లకి ఉన్నట్టు నాలుగైదు నట్లు ఉండవు. సైకిలు చక్రంలా ఊచలుంటాయి, నడిమధ్యన రెండు చెవులున్న పెద్ద నట్టు ఒక్కటే ఉంటుంది. ఆ చెవి మీద రాగి సుత్తితో ఒకవైపు కొడితే బిగుస్తుంది, రెండోవైపు కొడితే వదులవుతుంది. నాలుగు నట్లూ పాదరసంలా మెరుస్తున్నాయి. పోయిన నెల ఆయన వాటిని పాలిషు పట్టించి తెచ్చాడు. తెచ్చిన రోజున అద్దంలా ఉన్నాయి కదా అని ఇంటిల్లిపాదికీ ముఖాలు చూపించాడు. అంతకు ముందు వాటి మీద ఏ నట్టు ఏ పక్కదో, ఎటు తిప్పితే వదులవుతుందో అక్షరాలు, బాణం గుర్తులు చెక్కి ఉండేవి. పాలిషు చక్రం ఆ అక్షరాలని పూర్తిగా అరగదీసేసింది. మెరుపు కోసం చదువు పోగొట్టుకోవడం అంటే ఇదే అని ఆవిడ అనుకుంది గాని అనలేదు.

దుప్పటి నాలుగు మడతలు వేస్తూ ఆవిడ చూసింది. వెనక నట్టుని ఆయన పై చెవి మీద, ఆ చెవి బండి వెనక వైపుకి తిరిగేలా కొట్టి బిగించాడు. ముందుకి జరిగాడు. ముందు నట్టుని పై చెవి మీద, అది గేటు వైపుకి తిరిగేలా కొడుతున్నాడు. ఒకే పక్కన ఉన్న రెండు చక్రాలు, ఒకటి ఇటు, ఒకటి అటు.

ఆవిడ చేతిలో దుప్పటి ఆగిపోయింది.

ఆ బండికి ఒక రిపేరు పుస్తకం ఉంది. ఆయన దాన్ని ఇంగ్లండునుంచి తెప్పించి, ప్లాస్టిక్ అట్ట వేసి, భోజనాల బల్ల మీద పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు అంతే. ఆ ఇంట్లో దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది ఆవిడొక్కతే. గుడ్డలు తీసి, అన్నం పెట్టి, ఆ కాళ్ళు షెడ్డులోంచి వచ్చేదాకా ఎదురుచూసే ఏడేళ్ళలో ఆ పుస్తకం కాకపోతే గోడ చదవాలి. అందులో చక్రాల గురించి ఒక పేజీ ఉంది. బండికి ఒక పక్కన ఉన్న రెండు హబ్బులకీ నట్టు ఎక్కే మర ఒకే వైపుది, రెండో పక్కన ఉన్న రెంటికీ దానికి తిరగేసిన మర. చక్రం ముందుకి దొర్లే దిక్కుకి ఎదురుగా నట్టు బిగియాలి, అప్పుడే నడిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. హబ్బులు అటుదిటూ ఇటుదటూ మారితే నడిచేకొద్దీ నట్టు దానంతటదే విప్పుకుంటుంది. చివరికి చక్రం తన దారిన తను పోతుంది.

దుప్పట్లు మంచం మీద పడేసి, పీలికల సంచీ బోర్లించింది. ఆవిడ ఏ గుడ్డముక్కనీ పారేయదు. నూనె మరకల మధ్య ఆ రెండు పీలికలూ దొరికాయి. ముందు ఎడమ. ముందు కుడి. మూలల్లో ఎర్రదారం ప్రశ్న గుర్తులు అడిగిన ప్రశ్న ఇంకా అడుగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ హబ్బులు డబ్బాల్లో కూర్చున్నాయి. మొన్న ఆయన పీలిక చూసి, డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి ఏది ఎడమో ఆ వైపు ఎడమది బిగించాడు. ఏడేళ్ళ కిందట రాయించిన మనిషి ఎక్కడ కూర్చుని రాయించాడో ఆ మనిషికే గుర్తు లేదు.

ఇక్కడ ఆవిడ ఒక పని చేసింది, అది ఆవిడకే కాస్త సిగ్గనిపించింది. మంచం మీద కూర్చుని ఆ దుప్పట్లన్నీ తీరిగ్గా మడతపెట్టింది. నోరు మూసుకుంటే చాలు. రేపు బండి చెరువుదాకా పోదు, షెడ్డు దానంతటదే వస్తుంది. కిటికీ, బల్ల, చెరగని సుద్ద గీతలు. మూడో దుప్పటి దగ్గర పక్క సీటు గుర్తొచ్చింది. నాలుగో దుప్పటి దగ్గర డ్రైవరు సీటు గుర్తొచ్చింది. ఎంత దండగమారి మనిషైనా ఇరవయ్యారేళ్ళు అలవాటైన దండగ. మళ్ళీ కొత్తగా ఇంకొకణ్ణి అలవాటు చేసుకునే ఓపిక తనకి లేదు. లేచి వాకిట్లోకి వెళ్ళింది.

ముందు హబ్బులు రెండూ తారుమారయ్యాయేమో చూడమని నెమ్మదిగానే చెప్పింది. ఆయన సుత్తి దించకుండానే, వానొచ్చేలా ఉంది, బట్టలు తీసుకో అన్నాడు. ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బు లేదు. పుస్తకంలో పేజీ తెచ్చి చూపించింది. అది వేరే సంవత్సరం బండి గురించన్నాడు. పీలికలు చూపించింది. ఈసారి ఆయన ముఖంలో ఏదో కదిలినట్టే ఉంది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది, టోపీగారు రేపటి బండ్ల తనిఖీకి వచ్చారు.

సంగతి విని టోపీగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ముందు నట్టు మీద వేలితో కొట్టి చప్పుడు విన్నారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత, నాలుగు మూలలా బలం ఐమూలగా పంచుకోవాలని, ఒకే పక్కన రెండూ ఒకలాగే బిగిస్తే బండి ఒక పక్కకి లాగేస్తుందని, ఇంగ్లీషువాళ్ళ తెలివంతా ఈ ఐమూలలోనే ఉందని చెప్పారు. అందులో ఒక్క ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఆయన చెప్పే తీరు చూస్తే పుస్తకమే సిగ్గుపడి దిద్దుకునేలా ఉంది. మొగుడి ముఖం విచ్చుకుంది. కదిలినదేదో మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"ఇంకా ఆ ఎడమ దగ్గరే ఉన్నావా తల్లీ?" అని టోపీగారు టీ కోసం చెయ్యి చాపారు.

ఆవిడ టీ ఇచ్చింది. చక్కెర వేయలేదు.

తెల్లవారింది. ఆయన గడ్డం గీసుకుంటూ ఈలపాట పాడుతున్నాడు. తొమ్మిదింటికి క్లబ్బు బండ్లన్నీ వీళ్ళ గేటు దగ్గరే కలుసుకుంటాయి. ఈలోగా వీధి చివర బంకులో పెట్రోలు పోయించుకు రావాలి. ఆవిడ అద్దం సొరుగు తీసింది. మేనకోడలు సెలవులకొచ్చి మర్చిపోయి వెళ్ళిన గోళ్ళరంగు సీసా ఒకటుంది. ముప్పై అడుగుల దూరం నుంచి కనిపించే ఎరుపు, ఈ వయసులో వేసుకుంటే అత్తగారు కూడా మాట్లాడటం మానేసేంత ఎరుపు. ఆ సీసా పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి ఒక్కో చక్రం దగ్గరా కూర్చుంది. మెరిసే నట్టు చెవి మీద మొదలుపెట్టి కింద ఉన్న చక్రం మీదికి దిగేలా ఒకటే గీత గీసింది. నాలుగు చక్రాలకి నాలుగు గీతలు, సుద్దతో గుడ్డ మీద గీసినంత తిన్నగా. నట్టు కదలకుండా ఉంటే గీత గీతలాగే ఉంటుంది. నట్టు జరిగితే రెండు ముక్కలవుతుంది. ఆరడానికి కొంగుతో విసిరింది.

అత్తగారు వరండాలోంచి చూస్తోంది. ఏం చేస్తున్నావమ్మాయ్ అని అడిగింది. బండికి గోళ్ళు రంగేస్తున్నానత్తయ్యా అంది ఆవిడ. బాగుందిలే, ముత్తైదువలా ఉంది, అంది పెద్దావిడ.

ఆయన బయటికొచ్చి గీతలు చూసి, అలంకారమనుకున్నాడు, మురిశాడు కూడా. ఆవిడ ఒకటే అడిగింది. బంకుదాకా వెళ్ళి, ఎక్కడికీ తిరగకుండా, రెండో గేరు దాటకుండా వెనక్కి రమ్మంది. వీధి చివరకి వెళ్ళి వచ్చేలోపు చక్రం ఊడిపోదు, కానీ గీత దాచుకోలేదు, అని ఆవిడ లెక్క. ఆయన అలాగేనని తలూపాడు. ఇంజను దగ్గి, తుమ్మి, గొంతు సవరించుకుని పలికింది. బండి గేటు దాటింది. ఈసారి తాడు లేదు.

బంకుకి వెళ్ళి రావడానికి పది నిమిషాలు చాలు. పావుగంటయింది. క్లబ్బు బండ్లు ఒక్కొక్కటిగా వచ్చి వీధికి ఒక పక్కన నిలబడ్డాయి. టోపీగారు నడిచే ఒకటిన్నరలో ఒకటి వేసుకుని వచ్చారు. ఇరవై నిమిషాలయింది. పెళ్ళికొడుకేడమ్మా అని అడిగారు టోపీగారు. ఆవిడ గేటు ఊచ పట్టుకుని నిలబడింది. ఆయన బంకునుంచి అటే పోయాడని ఆవిడకి తెలిసిపోయింది. ఆఫీసులో పెద్ద సర్వేయరు ఇల్లు పెద్దరోడ్డు మీద ఉంది. ఆ ఇంటి ముందునుంచి ఒకసారి హారను కొట్టుకుంటూ పోకపోతే ఏడేళ్ళ కష్టం వృథా. పెద్దరోడ్డు మీద రెండో గేరు ఎవరు చూస్తారు? షెడ్డు, కిటికీ, బల్ల అన్నీ ఒక్కసారిగా పనికిరాని సామానులా అనిపించాయి. చెవి ఒక్కటే పనిచేస్తోంది. పాల వ్యాను, స్కూటరు, మళ్ళీ స్కూటరు. ఏ చప్పుడూ అది కాదు.

ఎవరి ఎడమకి తిరిగాడో ఏమిటో, అన్నారు టోపీగారు. నలుగురు నవ్వారు. ఆవిడ ఈసారి పెదవులు కూడా కదపలేదు.

అప్పుడు వినిపించింది. దగ్గు ముందు, బండి వెనక. మలుపు తిరిగి వస్తుంటే ఇంజను మోతతోపాటు ముందునుంచి టక్కు టక్కుమని ఇంకో చిన్న చప్పుడు కూడా వస్తోంది. ఆయన జుట్టు గాలికి చెదిరి, ముఖమంతా పళ్ళై, సింహాసనం దిగినట్టు బండి దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చప్పట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళి వెనక చక్రం దగ్గర వంగింది. గీత గీతలాగే ఉంది. ముందు చక్రం దగ్గర వంగింది. చెవి మీది ఎరుపుకీ, చక్రం మీది ఎరుపుకీ మధ్య బొటనవేలు పట్టేంత సందుంది. అవతలి పక్కకి వెళ్ళింది. అక్కడ రెండు వేళ్ళు పడతాయి.

ఆవిడ లేచి పక్కకి తప్పుకుని, ఆయన చూడటానికి చోటిచ్చింది.

టోపీగారు ముందుగా వంగి చూశారు. జరిగింది నట్టు కాదని, రంగని, ఎండకి గోళ్ళరంగు కరిగి జారుతుందని చెప్పారు. ముందువి రెండే కరిగి, వెనకవి ఎందుకు కరగలేదంటే ఇంజను వేడి ముందుంటుందట. క్లబ్బువాళ్ళలో ఇద్దరు తలూపారు. ఆయన తలూపలేదు. సర్వేయరు చూపు మెల్లగా వంకీ మీదనుంచి దిగొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక గీత చూసి, వెనక్కి వెళ్ళి ఇంకో గీత చూసి, మళ్ళీ ముందుకొచ్చాడు. సుత్తి కోసం చూడలేదు. మెరిసే చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. నిన్న రాగి సుత్తితో పది దెబ్బలు తిన్న నట్టు సీసా మూతలా తిరిగింది.

ఆయన చెయ్యి నట్టు మీదే ఉంది. పెద్దరోడ్డు మీద ఎంత వేగంగా పోయాడో ఆ చేతికి గుర్తొస్తున్నట్టుంది.

టోపీగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, దీనికేముందోయ్, కార్బురేటరు మొరాయించిందని చెబుదాం, ఇవాళ నా బండిలో వచ్చెయ్, ఇలాంటివి అందరికీ జరిగేవే అన్నారు. తలుపు బార్లా తీసి పట్టుకున్నట్టే. ఇరవయ్యారేళ్ళుగా ఆయన ఇలాంటి ప్రతి తలుపులోంచీ ఒంటికి దుమ్ము అంటకుండా బయటపడ్డాడు. ఆవిడ ఆయన ముఖం వైపు కాకుండా ఆయన మోచెయ్యి వైపు చూసింది. అక్కడ నూనె మరక అంటింది, కొత్త చొక్కా. తను కుట్టిందే.

ఆయన లేచి నిలబడ్డాడు. భుజం మీది చెయ్యి దానంతటదే జారిపోయింది.

"ఈ బండి ఇవాళ రాదండీ," అన్నాడు క్లబ్బువాళ్ళతో. "కార్బురేటరు బాగానే ఉంది. ముందు హబ్బులు తారుమారు చేశాను. విప్పిననాడు బండికి ఎదురుగా కూర్చుని, నా ఎడమని బండి ఎడమ అనుకుని రాయించాను. ఎవరి ఎడమ అని ఆవిడ ఆరోజే అడిగింది. నవ్వాను. నిన్న మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినలేదు."

అంతవరకూ రిపోర్టు చదివినట్టే చదివాడు. అక్కడ ఆగాడు. ఆయన రాసే ప్రతి రిపోర్టుకీ చివర ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఇంకా మిగిలింది. టోపీగారు టోపీ తీసి లోపల ఏదో పోయినట్టు వెతుక్కుంటున్నారు. ఇన్నేళ్ళలో ఆయన బట్టతల ఆవిడ చూడటం అదే మొదలు.

"తప్పు నాదే," అన్నాడు ఆయన, నేల వైపు చూస్తూ, నేలకి మాత్రమే వినిపించేలా.

ఆవిడ కొంగుతో చేతికంటిన ఎరుపు తుడుచుకుంది.

"కాస్త గట్టిగా చెప్పండి," అంది. "అత్తయ్యకి వినపడి ఉండదు."

వరండాలో పెద్దావిడ అప్పటికే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. ఆయన తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, విప్పుకున్న నట్టు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, వీధి చివర బంకుదాకా వినిపించేలా అన్నాడు.

"తప్పు నాదేనమ్మా."